గంధం బొట్టు తూకం

సంజీవ్‌ని క్షమించేశానని రెండేళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అబద్ధం. ఆ రెండేళ్లూ ఆయన మీద పళ్లు నూరుతూనే ఉన్నాను. పొద్దున బస్సులో నూరాను, ఆస్పత్రి ఫార్మసీలో నూరాను, ఇంటికొచ్చి తాలింపు పెడుతూ నూరాను. ఎదురుపడితే మాత్రం నవ్వేదాన్ని. ఇంత చక్కగా నవ్వగలనని అంతకుముందు నాకే తెలియదు.

నా పేరు కస్తూరి. మాది తెనాలి. షెఫీల్డ్‌లో ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టుని. కాలేజీలో ఎన్‌సీసీ తుపాకీ పట్టినప్పటి నుంచి గురి చూసి కొట్టడమంటే పిచ్చి. పెళ్లి, పిల్లలు, పరీక్షలు అన్నీ అయ్యాక, నలభై దాటాక, ఊరి బయట కొండల్లో ఉన్న రైఫిల్ క్లబ్బులో చేరాను. పోలీసులు ఇంటికొచ్చి, గోడకు బిగించిన ఇనప బీరువా చూసి, మా జీపీ డాక్టరు చేత నాకు మతి సరిగ్గానే ఉందని రాయించుకుని లైసెన్సు ఇచ్చారు. క్లబ్బులో చాలాకాలం చీర కట్టడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. తర్వాత సంజీవ్‌నీ మాయనీ తీసుకొచ్చాను. సంజీవ్ మా ఆస్పత్రిలోనే మత్తు డాక్టరు, హైదరాబాద్ మనిషి. మాయ ఆయన భార్య, వరంగల్ పిల్ల, పళ్ల డాక్టరు. ఇద్దరికీ హామీ సంతకం నేనే పెట్టాను.

ఆరువందల గజాల దూరానికి గురిపెట్టేవాళ్లు కొట్లో తూటాలు వాడరు. ఇంట్లో ఎవరికి వాళ్లు నింపుకుంటారు. ఇత్తడి గొట్టంలో కొలిచిన తుపాకీ మందు పోసి, పైన గుండు నొక్కి బిగించడం, అంతే. చెప్పడానికి ఇంతే గానీ మందు కొలతలోనే ప్రాణమంతా ఉంది. కొంచెం తగ్గినా గుండు కిందికి దిగుతుంది, కొంచెం పెరిగినా పైకి పోతుంది, బాగా పెరిగితే తుపాకీ కాల్చినవాడి మొహం మీదే పేలుతుంది. నేను త్రాసుతో తూస్తాను. పాతకాలం త్రాసు, సన్నటి ఇనప దూలం, ఒక పక్క చిన్న గిన్నె. కిటికీ మూసి, హీటరు ఆపి, ఊపిరి కూడా పక్కకు వదులుతూ ఒక్కో గొట్టానికీ విడిగా తూస్తాను. గంటకు నలభై అయితే గొప్ప. గుంటూరులో బీఫార్మసీ చదివేటప్పుడు రాజ్యం మేడమ్ దగ్గర నేర్చుకున్న చెయ్యి అది. ఇంతవరకూ తప్పలేదు.

2014 సెప్టెంబరులో ఒక శనివారం సంజీవ్ మా గరాజ్‌కి వచ్చాడు. మర్నాడు పోటీ. ఇద్దరం కలిసి నింపుకుందామన్నాడు. నేను తూచి ఇస్తుంటే ఆయన గొట్టాల్లో పోసి గుండ్లు బిగిస్తున్నాడు. మధ్యలో ఆస్పత్రి నుంచి డ్యూటీ రోటా గురించి ఫోనొస్తే, దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పని కానిచ్చాడు. వద్దన్నాను. చెయ్యి ఊపేశాడు.

పోటీలో ఆయన తుపాకీ ఢాం అనలేదు, తుస్సుమంది. గుండు తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుపోయింది. ఆ తూటాలో మందే లేదు. రెండోది పేల్చి ఉంటే మనిషి మిగిలేవాడు కాదు. క్లబ్బు సెక్రటరీ డెరిక్ పరుగున వచ్చి ఆపాడు. క్లబ్బు షెడ్డులో బల్ల దగ్గర కమిటీ కూర్చుంది. ఎవరు నింపారని అడిగారు. సంజీవ్ నా వైపు చూడకుండా, మందు తూచింది కస్తూరి గారు, ఆ త్రాసు చాలా పాతది, ఆమెను నమ్మి తప్పు చేశాను అన్నాడు. నోరు తెరిచేసరికి అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు. ఆ జాలికి నా ఒళ్లంతా మండింది. ఇంట్లో నింపిన తూటాలు రెండేళ్లు వాడకూడదని నాకు శిక్ష వేశారు. జట్టులోంచి తీసేశారు. నా వల్ల ఒకడు చావబోయాడని క్లబ్బు పుస్తకంలో రాశారు.

అక్కడితో ఆగినా మర్చిపోయేదాన్నేమో. ఆ చలికాలం సంజీవ్ పెద్ద ఎలక్ట్రానిక్ యంత్రం కొన్నాడు. అంకె నొక్కితే మందు అదే పోసుకుంటుంది, అదే తూస్తుంది, అయిపోయిందని కూత పెడుతుంది. దాని గురించి క్లబ్బులో ప్రసంగం ఇచ్చాడు. చేతి తూకమా, యంత్రం తూకమా, ఏది ఎంచుకోవాలి అని. స్లైడులు కూడా వేశాడు. రెండో స్లైడులో నా త్రాసు ఫొటో. ఎప్పుడు తీశాడో తెలియదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే రెండేళ్లు నా మొహాన అంటుకుపోయింది.

నిజం చెప్పాలంటే ఆ ప్రసంగంలో తప్పేం లేదు. యంత్రానికి వేగం ఉంది, చేతికి అలసట లేదు. త్రాసుకి బల్ల సమంగా ఉండాలి, కన్ను సూటిగా ఉండాలి. యంత్రానికి ముందు అరగంట వేడెక్కాలి, దగ్గర్లో గాలి ఆడకూడదు, ఫోను ఉండకూడదు, మధ్యమధ్యలో తూనికరాయి పెట్టి సరిచూడాలి. దేన్ని ఎంచుకున్నా చూసే మనిషి చూడాలి. ఈ మాట ఇంకెవరైనా చెప్పి ఉంటే చప్పట్లు కొట్టేదాన్ని. ఆయన చెప్పాడు కాబట్టి గుండెల్లో పెట్టుకున్నాను. వీడి యంత్రం ఒకరోజు తప్పాలి, నా కళ్లముందే తప్పాలి, నలుగురిలో తప్పాలి అని మొక్కుకోని రోజు లేదు.

2016 సెప్టెంబరులో నా శిక్ష ముగిసింది. అక్టోబరు పదహారు ఆదివారం పోటీకి నా పేరు మళ్లీ ఎక్కించారు. దానికి ఆరు రోజుల ముందు, సోమవారం, మాయ ఫోన్ చేసింది.

"అక్కా, సాయంత్రం ఆయుధ పూజ పెట్టుకున్నం. గారెలు చేసిన. నువ్వు రాకుంటే నేను ఊకోను."

మాయ మీద నాకు ఏ కోపమూ లేదు. ఎవరూ ఉత్తరం ముక్క రాయని రెండేళ్లలో వారం వారం ఫోన్ చేసింది ఆ అమ్మాయే. వెళ్లాను. యంత్రాన్ని దగ్గరగా చూడాలన్న దుగ్ధ కూడా ఉంది, దాచడమెందుకు.

దేవుడి గదిలో కారు తాళాలు, స్టెతస్కోపు, మాయ క్లినిక్ పనిముట్లు, లాప్‌టాప్, అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు. మందు, యంత్రం మాత్రం దీపానికి దూరంగా పక్క గదిలో ఉన్నాయి. ఆ మాత్రం తెలివి ఉంది. పూజ అయ్యాక సంజీవ్ గంధం గిన్నె పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాడు. పూజకొచ్చినవాళ్లమంతా వెనకాలే వెళ్లాం. అప్పుడే తీసిన తడి గంధం బొటనవేలితో ముంచి, యంత్రం నెత్తిన ఒక బొట్టు, తూకం గిన్నె బయటి వైపు ఇంతింత బొట్లు మూడు పెట్టాడు. మధ్యలో కుంకుమ అద్దాడు. గిన్నెను యంత్రం మీద పెట్టగానే తెర మీద అంకె మారింది.

"చూసిన్రా సదాశివం అంకుల్, దేవుని గంధం గూడ తూస్తది," అని నవ్వి సున్నా మీట నొక్కాడు. అంకె సున్నా అయింది. "ఇగ నంబర్ కొట్టి ఒదిలెయ్యాలె. మీరు తిని లేచేసరికి ఆదివారానికి అరవై తయార్."

సదాశివం గారు ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయనకు తుపాకీ గురించీ తెలియదు, తూకం గురించీ తెలియదు. నాకు రెండూ తెలుసు. అయినా ఆ క్షణంలో నాకేమీ తట్టలేదు. ప్లేటు తీసుకుని భోజనానికి కూర్చున్నాను.

తిన్నాక మళ్లీ ఆ గదిలోకి వెళ్లాను. బల్ల కింద రేడియేటరు సెగలు కక్కుతోంది. గిన్నె మీద గంధం ఎండి తెల్లబడింది. ఒక బొట్టు పగిలి సగం రాలిపోయింది. సంజీవ్ గిన్నె ఎత్తి గొట్టంలో మందు పోసి, ఖాళీ గిన్నె తిరిగి పెట్టాడు. తెర మీద సున్నా లేదు. అంకె ముందు చిన్న గీత ఉంది. మైనస్.

నా చేతిలో మంచినీళ్ల గ్లాసు ఆగిపోయింది. సున్నా నొక్కినప్పుడు గంధం తడిగా ఉంది. ఇప్పుడు తడి పోయింది, గిన్నె తేలికైంది. యంత్రానికి అదేం తెలుస్తుంది పాపం. తగ్గినంత బరువునూ మందుతోనే నింపుతోంది. మొదటి తూటాలు బాగానే ఉండి ఉంటాయి. గంధం ఎండేకొద్దీ ఒకదాని కంటే ఒకటి ఎక్కువ. ఆయనకు గుండు వేగంగా పోవడం ఇష్టం, మందు కొలతల పుస్తకంలో రాసిన పై హద్దుకు ఆనించి నింపుతాడని క్లబ్బులో అందరికీ తెలుసు. చివరి వరసలు హద్దు దాటేశాయి. సంజీవ్ చూపు తెర మీద లేదు, అతిథుల మీద ఉంది. నా మొహం మీదికి మళ్లింది.

"కస్తూరి గారు గట్ల చూస్తున్నరంటే నా మెషిన్‌ల తప్పు దేవులాడుతున్నరు," అన్నాడు. అందరూ నవ్వారు. "చెప్పండి మేడమ్, ఏమన్న కనబడ్డదా? మీ తరాజు కన్న నయమే గద?"

కనబడిందని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఆ ముక్క నాలుక చివరికొచ్చింది. తరాజు అన్న మాట వినగానే లోపలికి వెళ్లిపోయింది.

"ఏం లేదండి. బావుంది," అన్నాను.

ఇంటికి నడుస్తూ నాకు నేనే చెప్పుకున్నాను. నేను హంతకురాలిని కాను. ఆయన వాటిని పేల్చనివ్వను. ఆదివారం, పోటీ మొదలయ్యే ముందు, అందరూ గురిపెట్టడానికి వరసలో పడుకున్నాక, చెయ్యెత్తి ఆపేస్తాను. నన్ను ఏ బల్ల ముందు నిలబెట్టాడో ఆ బల్ల ముందే ఆయన తూటాలు విప్పిస్తాను. నా త్రాసు మీదే తూయిస్తాను. ఆయన ప్రాణం కాపాడతాను, పరువు తీస్తాను. ఇంతకంటే న్యాయం ఉందా అనిపించింది. రెండేళ్లలో మొదటిసారి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బుధవారం ఆస్పత్రి కారిడార్‌లో ఎదురుపడ్డాడు. పచ్చటి టోపీలో, కళ్లకింద నల్లగా, రాత్రంతా ఆపరేషన్ థియేటర్లో ఉన్నట్టున్నాడు. అలసిపోయిన మనిషిని చూస్తే జాలేసింది. చెప్పేద్దామనుకున్నాను.

"ఆదివారం మస్తు గాలి ఉంటదంట," అన్నాడు. "మీకు రెండేండ్ల గ్యాప్ వచ్చింది. కష్టమే."

ఆ గ్యాప్ ఎవరి చలవో తెలియనట్టు అన్నాడు. జాలి అక్కడే ఆవిరైపోయింది. మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాను.

ఆదివారం త్రాసును తువ్వాల్లో చుట్టి, చీరల అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్లాను. ఆకాశం మబ్బుగా ఉంది, జెండాలు రెపరెపలాడుతున్నాయి. పన్నెండుమంది చాపలేసుకుని పడుకున్నారు. మాయ వెనక బెంచీ మీద కూర్చుని నాకు చెయ్యి ఊపింది. సంజీవ్ నా పక్క చాపే. తూటాల డబ్బా ఇంకా మూతతోనే ఉంది. డెరిక్ తూటాలు ఎక్కించమని చెప్పబోయేలోగా నేను చెయ్యెత్తాను.

"ఆపండి. డాక్టర్ గారి తూటాల్లో మందు ఎక్కువుంది. తూచాలి."

సంజీవ్ లేచి కూర్చున్నాడు. పిచ్చా మీకు అన్నాడు, ఇంగ్లిష్‌లో. డెరిక్ ముసలివాడు, నెమ్మదస్తుడు. అనుమానం అన్నాక చూడాల్సిందే అని అందరినీ షెడ్డులోకి పిలిచాడు. అదే బల్ల. నేను త్రాసు బయటికి తీసి, బల్లమీద సమంగా నిలబెట్టి, డెరిక్ చేతే క్లబ్బు తూనికరాళ్లు పెట్టించి సరిచూపించాను.

డబ్బా తెరిచారు. మొదటి వరసలోంచి ఒక తూటా విప్పి మందు గిన్నెలో పోశారు. సరిగ్గా ఉంది. సంజీవ్ పెదవి మీద నవ్వు మొలిచింది.

"వెనక వరసల్లోవి తీయండి," అన్నాను.

నాలుగో వరసలోది విప్పారు. దూలం లేచిపోయింది. ఇంకోటి. మళ్లీ లేచింది. డెరిక్ తన కళ్లజోడు తుడుచుకుని మూడోది తూచాడు. హద్దు మీద ఎంతెంత ఎక్కువో గట్టిగా చదువుతుంటే ఒకతను చిన్నగా ఈల వేశాడు. సంజీవ్ మొహంలో రంగు పోయింది. అప్పుడు నేను చెప్పాను, గంధం సంగతి. తడిగా ఉన్నప్పుడు సున్నా నొక్కడం, ఎండిపోవడం, మైనస్ గీత, అన్నీ విడమరిచి చెప్పాను. ఈ కథ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాను.

"అది యంత్రం తప్పు కాదు," అన్నాను. "చూడాల్సిన మనిషి చూడలేదు. ఇప్పుడు రెండేళ్ల కిందటి ఖాళీ తూటా సంగతి కూడా చెప్పండి డాక్టర్ గారూ. ఇదే బల్ల దగ్గర."

ఆయన త్రాసు వైపు చూశాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయిస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అవసరం రాలేదు.

"ఆ రోజు నేను ఫోన్‌లో ఉన్నాను," అన్నాడు అందరికీ వినబడేలా. "ఒక గొట్టంలో మందు పోయకుండానే బిగించాను. కమిటీ ముందు కూర్చున్నప్పుడే నాకది తెలుసు. కస్తూరి గారి తప్పేమీ లేదు."

ఆ మాట కోసం రెండేళ్లు బతికాను. వినగానే నా ఒంట్లోకి ఏదో తియ్యగా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. డెరిక్ నా భుజం తట్టి, క్లబ్బు తరఫున క్షమించమన్నాడు. పాత రాత కొట్టేస్తామన్నాడు. ఎవరో కుర్చీ జరిపారు, ఎవరో టీ ఇచ్చారు. ఆ టీ అంత రుచైన టీ నేను ఇంగ్లండులో తాగలేదు. సంజీవ్ తల దించుకుని నిలబడ్డాడు. ఇంకాసేపు అలాగే నిలబడితే బావుండుననిపించింది.

డెరిక్ పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు. మొత్తం ఎన్ని తూటాలని అడిగాడు. అరవై అన్నాడు సంజీవ్. డెరిక్ డబ్బా తిప్పి చూశాడు.

"విప్పినవి కలిపినా ఇక్కడ నలభయ్యే కదా ఉన్నాయి. చివరి రెండు వరసలు ఖాళీ."

నేను డబ్బాలోకి వంగి చూశాను. అంతసేపూ నా కళ్లు త్రాసు మీదా ఆయన మొహం మీదా తప్ప ఇంకెక్కడా లేవు. అన్నిటికంటే ఎక్కువ మందున్న ఇరవై తూటాల చోటూ ఖాళీగా ఉంది.

"అవి నేను కాల్చిన," అంది మాయ. ఎప్పుడు లోపలికొచ్చిందో తలుపు దగ్గర నిలబడి ఉంది. "నిన్న ప్రాక్టీసుకి వచ్చిన. ఆయనవే తెచ్చుకున్న. మంచి గొట్టాలు ముందటి వరసల ఉన్నయి, పోటీకి అవి ఉంచుకుంటా, నువ్వు వెనకవి తీస్కో అన్నడు."

అప్పుడు ఆమె చెంప చూశాను. కుడి కంటి కింద నల్లగా కమిలి ఉంది. పొద్దున బెంచీ మీద నుంచి చెయ్యి ఊపినప్పుడు ఎడమ వైపే కనబడింది.

"మస్తు ఎదురు తన్నింది," అంది. "తుపాకి బోల్ట్ తెర్వరాలే. మడిమెతోటి కొట్టి తెరిసిన. నాకే బలం లేదనుకున్న. ఇరవై అయిపోయెదాక కాల్చిన."

సంజీవ్ గబుక్కున వెళ్లి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కంటిలోకి చూశాడు. వెలుగు పడేలా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం కాలేదు, ఏం కాలేదు అని ఆమెతో కాదు, తనతోనే అంటున్నాడు. పళ్ల డాక్టరు, ఆ కళ్లతో, ఆ చేతులతో బతికే మనిషి. ఇరవైసార్లు ఆ తుపాకీకి చెంప ఆనించి పడుకుంది.

డెరిక్ కలం ఆపి నా వైపు తిరిగాడు. గొంతులో ఇందాకటి ఆప్యాయత అలాగే ఉంది.

"ఇది మీరు గమనించింది ఎప్పుడు? తేదీ రాయాలి."

ఈరోజే అనొచ్చు. పొద్దున అనుమానం వచ్చిందంటే ఎవరూ కాదనరు. నా మాటను ఆ గదిలో అంతగా నమ్మే రోజు ఇంకోటి రాదు. సంజీవ్ కూడా నమ్మేవాడే. కానీ మాయ నన్నే చూస్తోంది. సోమవారం నా ప్లేటులో రెండో గారె వేసింది ఆమే. ఆ గదిలో నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గిన్నె వైపు చూస్తూ నిలబడిపోవడం చూసింది. ఏం లేదండి, బావుంది అనడం విన్నది.

"సోమవారం," అన్నాను.

డెరిక్ వెంటనే రాయలేదు. ఒకసారి గోడ మీద క్యాలెండరు చూశాడు. టీ ఇచ్చినతను నా చేతిలోని ఖాళీ కప్పు తీసుకోబోయి ఆగిపోయాడు. సంజీవ్ నోరు తెరిచాడు గానీ మాయ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. నా దగ్గరికి రెండడుగులు వేసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బావుండుననుకున్నాను. చాలా మెల్లగా, మా ముగ్గురికి మాత్రమే అర్థమయ్యే భాషలో అడిగింది.

"సోమారానికి నిన్నటికి నడుమ నాలుగు రోజులున్నయి గద అక్కా."

మంగళ, బుధ, గురు, శుక్ర. అవును, నాలుగు.